ఏస్ ఇంజన్ బోరుకొచ్చింది: బాగు చేయించాల్నా, మార్చాల్నా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నీ తీరుగనే ఇరుక్కున్నోళ్లు ఇంకా ఉంటరు కాబట్టి, సంగతి ముందుగల్ల నాలుగు ముక్కల్ల చెప్త. చండూరు పక్కన బత్తాయి తోట. 2014 మోడల్ టాటా ఏస్, టీఎస్ 05 రిజిస్ట్రేషన్. రెండేండ్ల కింద 1 లక్షా 70 వేలకు కొన్నవు. మీటర్‌ల 1 లక్షా 80 వేల కిలోమీటర్లు చూపెడ్తున్నది. ఇప్పుడు నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాక ఆయిల్ తాగుడు, లోడుతోని ఎత్తు ఎక్కితే వేడి ముల్లు పైకి పోవుడు. ఒక మెకానిక్ "ఇంజన్ బోరుకొచ్చింది, 55 వేలు అయితది" అన్నడు, అంటే సిలిండర్లు అరిగినయ్, వాటిని కోసి జర పెద్ద పిస్టన్లు వెయ్యాలె అని. ఇంకొకాయన "గంత ఖర్చు దేనికి, 38 వేలల్ల పాత ఇంజన్ తెచ్చి ఎక్కిస్త, రెండు రోజుల పని" అన్నడు. మీ బావ అమ్మిపడేసి ఫైనాన్స్ మీద కొత్తది తీసుకొమ్మంటున్నడు. ఉన్నది ఉన్నట్టు అమ్ముదామంటే బేరానికొచ్చినాయన 80 వేలే అడిగిండు. ఎవరి మాట వినాల్నని నీ ప్రశ్న.

నేను ఆర్టీసీ డిపోల పదకొండేండ్లు ఇంజన్ పని చేసిన. ఆ తర్వాత నల్లగొండల సొంత షెడ్డు పెట్టుకొని 19 ఏండ్లయింది. నీ ప్రశ్నల నాకు కండ్లవడ్డది పొగ గాదు, వేడి ముల్లు. ముగ్గురూ ఇంజన్‌ను ఏం చెయ్యాల్నో చెప్పిన్రు గని, అది ఎందుకు ఖరాబైందో ఒక్కరు చెప్పలేదు. అది తేలకుండ బోరు చేయించినా, పాతది ఎక్కించినా, కొత్త బండి తెచ్చినా మళ్ల రెండేండ్లకు ఇదే ప్రశ్న రాస్తవు.

అసలు ఇంజన్ పోయిందా లేదా అన్నది ముందు చూడాలె. నీలం పొగ అనంగనే బోరు అంటరు. రేపు పొద్దున బండి పూర్తిగ చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఎనుక నిలబడు. మొదలు ఒక్క దమ్ము పొగ కొట్టి నిమిషంల తేలిపోయిందనుకో, అది వాల్వ్ సీళ్ల కథ కావచ్చు. రాత్రంత వాల్వ్ కాడలు పట్టుకొని జారిన ఆయిల్ పొద్దున కాలుతది, అంతే. దానికి ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు పని చాలు, సిలిండర్లున్న బ్లాక్ ముట్టుకునే పని లేదు. పొగ ఆగకుండ వస్తుంటే, లోడు మీద ఇంకా ఎక్కువైతుంటే, అప్పుడు పిస్టన్ రింగులు, బోరు మీద అనుమానం పెట్టుకోవాలె. (నీది టర్బో లేని బండి, ఆ బాధ నీకు లేదు. టర్బో ఉన్న జీపులకైతే టర్బో సీలు లీకైనా గిదే నీలం పొగ వస్తది. దాన్ని చూసి మంచి ఇంజన్లను ఇప్పేసిన షెడ్లు నాకు తెలుసు.)

తర్వాత ఆయిల్ పోసే మూత ఇప్పి, బోర్లేసి, ఊరికె ఆ రంధ్రం మీదనే పెట్టు. ఇంజన్ స్లోల నడుస్తుంటే మూత జర వణికితే ఫికర్ లేదు. ఎగిరి పక్కకు పడ్డదంటే, లోపలికెల్లి బుస్సుమని పొగ కొడ్తుందంటే, దాన్నే మా షెడ్లల్ల బ్యాక్ కంప్రెషన్ అంటం. పిస్టన్ మీద కాలిన గాలి రింగులు దాటి కింద చాంబర్‌కు దిగుతున్నదన్నట్టు. అయితే ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు మూసుకపోయినా మూత ఎగురుతది. ముందు ఆ పైపు ఊడదీసి నోటితోని ఊది చూడు. పది నిమిషాల పని చెయ్యక యాభై వేలు పెట్టినోళ్లున్నరు.

రేడియేటర్ మూత చల్లగ ఉన్నప్పుడే ఇప్పు. వేడి మీద ఇప్పితే మసిలే నీళ్లు మొహం మీదికి కొడ్తయ్, నా ఎడమ మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉన్నది. మూత లేకుండ స్టార్ట్ చేసి రేస్ ఇస్తే నీళ్లల్ల బుడగలు ఆగకుండ వచ్చినయంటే హెడ్డుకు, బ్లాక్‌కు నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నట్టు, లేకుంటే హెడ్డు పగిలిందన్నట్టు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రంగు చూడు. పాలు ఎక్కువైన చాయ్ లెక్క ఉంటే నీళ్లు ఆయిల్‌ల కలిసినయ్. అప్పుడు బండి ఒక్క కిలోమీటరు సుత నడపకు, బేరింగులు అరిగిపోతయ్.

ఇంత చూసినంక డీజిల్ చల్లే నాజిళ్లు తీసి కంప్రెషన్ గేజు పెట్టించు. నీ ఇంజన్ 702 సీసీ, రెండే సిలిండర్లు, కాబట్టి పెద్ద పని గాదు. నంబరు ఎంతొచ్చింది అన్నదాని కంటె రెండిటి మధ్య తేడా ఎంతున్నది అన్నది చూడు. ఒకటి మంచిగుండి ఒకటే పడిపోతే వాల్వో, గ్యాస్కెట్టో, విరిగిన రింగో అయ్యుంటది. రెండూ ఒక్క తీరుగ పడిపోతే చాన మట్టుకు అది అరుగుడు. కొందరు సిలిండర్‌ల చెంచెడు ఆయిల్ పోసి మళ్ల కొలుస్తరు, కంప్రెషన్ పెరిగితే రింగులు పోయినట్టని. పెట్రోల్ ఇంజన్‌కు అది నమ్మవచ్చు. డీజిల్ ఇంజన్‌ల పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే జాగ మస్తు తక్కువ, ఆయిల్ జర ఎక్కువైతే దొంగ నంబరు చూపెడ్తది. నేనైతే ఆ ఒక్క పరీక్ష మీద ఇంజన్ ఇప్పను.

ఇగ వేడి సంగతి. రేడియేటర్‌ల ఏం నీళ్లు పోస్తున్నవు? నువ్వు రాయలేదు గని నాకు ఎరుకే. తోటల బోరుబావి కాడ పైపు పెట్టి నింపుతవు. మన దిక్కు అందరు చేసేది అదే. నల్లగొండ నీళ్లంటే అందరికి ఫ్లోరైడ్ యాదికొస్తది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్ నీరి సంస్థ మన జిల్లా పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. రేడియేటర్‌ను చంపేది మాత్రం ఆ ఫ్లోరైడ్ గాదు. సబ్బు పెడ్తే నురగ రాని గుణం ఉన్నది చూడు, అది. ఆ నీళ్లల్ల కరిగున్న కాల్షియం, మెగ్నీషియం వేడికి విడిపోయి తెల్లగ పొర కడ్తయ్. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగుకు గీకినా పోని తెల్ల పెచ్చు ఉంటది చూడు, అదే రేడియేటర్ సన్న గొట్టాలల్ల, బ్లాక్ లోపలి నీళ్ల దారిల కూసుంటది. నీళ్లు తిరుగుడు తగ్గుతది, తిరిగిన నీళ్లకు సుత ఆ పెచ్చు వేడిని దాటనియ్యదు. మే నెల ఎండలు, దానికితోడు ముప్పావు టన్ను మోసేటందుకు చేసిన బండి మీద టన్నున్నర కాయ. అంత వేడిల ఆయిల్ నీళ్లోలె పలచబడ్తది, రింగులు పట్టు వదుల్తయ్, బోరు గీసుకపోతది. నీ బండి ఆయిల్ తాగుడు ఈ రోజు మొదలైన రోగం గాదు, ఈ వేడి తెచ్చిన రోగం.

దేవరకొండ రోడ్డుకెల్లి ఒకాయన వచ్చిండు, నీ అసోంటి బండే. బోరు చేయిద్దామంటే వినలేదు, పాత ఇంజన్ ఆయననే తెచ్చుకున్నడు. ఇంజన్ మంచిదే, నేనే గేజు పెట్టి చూసిన. ఎక్కించినం. రేడియేటర్ మార్చుదామంటే "ఇప్పుడే 40 వేలు అయినయ్, అది తర్వాత చూద్దాం తీ" అన్నడు. నలభై ఒకటో రోజు బండిని తాడు కట్టి గుంజుకొచ్చిండు. నేనేం మాట్లాడలేదు. పాత రేడియేటర్ ఊడదీసి ఒక చేతికిచ్చిన, షాపుల కొత్త రేడియేటర్ ఇంకో చేతికిచ్చిన. పాతది నీళ్లు ఒంపినంక సుత ఎంత బరువున్నదో ఆయన మొహంలనే కనబడ్డది. తర్వాత ఇంజన్ వేడెక్కినంక రేడియేటర్‌కు నీళ్లు వదిలే థర్మోస్టాట్‌కు దారం కట్టి చాయ్ గిన్నెల నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టిన. అది సుమారు 80 డిగ్రీలు దాటంగనే తెరుచుకోవాలె. నీళ్లు తెర్లుతున్నయ్, అది ఇంకా మూసుకునే ఉన్నది. ఎనభై రూపాయల చాయ్ తాగినం గని, అది సగం కూడ తెరుచుకోలే.

అందుకని థర్మోస్టాట్ పీకి పారేయమని కాదు. మన దిక్కు ఎండాకాలం రాంగనే చాన మంది మెకానిక్‌లు చేసే పని అదే. అది లేకుంటే ఇంజన్ సరైన వేడికే రాదు, డీజిల్ పూర్తిగ కాలదు, ఆయిల్ తొందరగ ఖరాబైతది, బోరు అరుగుడు ఇంకా పెరుగుతది. పోతే కొత్తది వెయ్యాలె. కూలెంట్ డబ్బా మీద రాసినట్టు డిస్టిల్డ్ వాటర్‌ల కలిపి పోయాలె. దారిల అత్యవసరమైతే ఇంట్లకొచ్చే మిషన్ భగీరథ నీళ్లు బోరు నీళ్ల కంటె ఎంతో నయం, రెండు సీసాలు సీటు కింద పెట్టుకో. దాంతోపాటే ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం వంచి చూడు, మడతల్ల చీలిందా అని. క్వారీల దిక్కు తిరిగే బండ్లల్ల ఆ చీలికకెల్లి పోయిన రాతి దుమ్మే బోరును అరగదీస్తది. ఆ బండ్లు ముల్లు పైకి పోకుండనే ఆయిల్ తాగుతయ్. నీది గట్ల గాదనే అనుకుంటున్న.

బోరుకొచ్చిందనే తేలితే, ఇప్పేటప్పుడు నువ్వు పక్కనుండు. హెడ్డు లేపినంక సిలిండర్ లోపల గోడకు వేలిగోరు పెట్టి పై అంచు దిక్కు గుంజు. గోరు ఒక మెట్టుకు తట్టుకుంటది. ఆ మెట్టు మీద రింగు ఎన్నడు తిరగలేదు, దాని కింద తిరిగి తిరిగి అరిగింది. గోరుకు గట్టిగ తగిలితే, లోపల గోడ మీద ఉండాల్సిన సన్న అడ్డగీతలు పోయి అద్దం లెక్క మెరుస్తుంటే, ఇగ వట్టి రింగులతోని పని గాదు. "రింగులేసి ఇస్త, 15 వేలల్ల అయిపోతది" అనేటోడు దొరుకుతడు. అరిగిన బోరు గుండ్రంగ ఉండది, కోలగ ఉంటది, పైన ఎడల్పు కింద సన్నం. దాంట్ల గుండ్రటి కొత్త రింగు వేస్తే కొద్ది రోజులు పొగ తగ్గుతది, పంట అయిపోయేటాల్లకు మళ్ల మొదలు. ఆ 15 వేలు మట్టిల పోసినట్టే.

ఇంకొకటి చూడు. పిస్టన్ బయటికి తీసినంక తల మీద మసి తుడువు. 0.50 అనో, 50 అనో గుద్ది ఉందంటే అది అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్, నీకంటె ముందటోడు ఒకసారి బోరు చేయించిండన్నట్టు. సెకండ్‌హ్యాండ్ బండ్లకు ఇది మామూలే. ఆ మీటర్‌ను నేను నమ్మను, క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో దాన్ని నమ్ముత. పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు, ఇట్ల ఓవర్‌సైజులు ఉంటయ్ గని ప్రతి ఇంజన్‌కు అన్ని సైజులు దొరకవు. ఆఖరి సైజు కూడ అయిపోయుంటే ఆ బ్లాక్‌కు స్లీవు, అంటే లోపల కొత్త గొట్టం, వేయొచ్చా అని బోరింగ్ షాపోడు కొలిచి చెప్పాలె.

55 వేలు చెప్పినాయనను తప్పు పట్టను, గని దాంట్ల ఏమేం ఉన్నయో కాగితం మీద రాయించుకో. క్రాంక్ కొలిచి అవసరమైతే గ్రైండింగ్ చేసుడు, హెడ్ ఫేసింగ్, నాజిల్ సర్వీసింగ్, ఇవన్ని ఎట్లైన చెప్తరు. ఆయిల్ పంపు, వాటర్ పంపు, రేడియేటర్, థర్మోస్టాట్, హోసులు ఉన్నయా అని నువ్వు అడగాలె. మామూలుగ అవి ఉండయ్. ఆ నాలుగైదిటికి ఇంకో 12 వేలు పక్కకు పెట్టుకో. మొత్తం 67 వేలు అనుకుందాం.

ఇప్పుడు లెక్క. నువ్వు కొన్న 1 లక్షా 70 వేలు మర్చిపో, అవి రావు. ఈ రోజు నీ చేతిల ఉన్నది 80 వేలకు పోయే బండి. దాని మీద 67 వేలు పెడ్తే 1 లక్షా 47 వేలు. ఆ పైసలతోని బయట ఇంకో పాత ఏస్ దొరుకుతది, కాదని ఎవరు అనరు. దాని ఇంజన్ లోపల ఏమున్నదో మాత్రం నీకు తెల్వదు, నీది మాత్రం ఇప్పి చూసినవు, కొలిపించినవు. నా దృష్టిల ఆ తేడాకే విలువ ఎక్కువ. పాత ఇంజన్ 38 వేలు, రేడియేటర్ పని 12 వేలు, ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు, మౌంటింగులు, ఆర్సీ ఖర్చులు కలిపితే 55 దాటుతది. మిగిలేది పది పన్నెండు వేలు. దానికోసం ఎవరి బండికెల్లి వచ్చిందో తెల్వని ఇంజన్ ఎక్కించుకోవాల్నా?

బ్లాక్ పగిలి ఉంటేనో, కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ గోడ పొడుచుకొని బయటికొస్తేనో ఇగ వేరే దారి లేదు, పాతది తేవాలె. కోతలు నడుస్తుండంగ పది రోజులు బండి ఆగితే కాయ చెట్టు మీదనే పోతది అన్నప్పుడు సుత తప్పదు. హైదరాబాద్ ఆటోనగర్‌కు పోయినా, బెజవాడ ఆటోనగర్‌కు పోయినా ఇంజన్ నేల మీద పడి ఉన్నప్పుడు కొనకు. బండి మీద ఉండి నడుస్తుంటే చూడు, లేకుంటే కనీసం అక్కడనే కంప్రెషన్ పెట్టించు. బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ జిరాక్స్ లేకుంటే ముట్టుకోకు. నంబరు మీద రాకిన గుర్తులు, మళ్ల గుద్దిన అక్షరాలు ఉన్నయా అని తడిమి చూడు. మోటారు వాహనాల చట్టం 1988ల 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చినంక 14 రోజుల్ల ఆర్టీఏ ఆఫీసుకు చెప్పి ఆర్సీల నంబరు మార్పించుకోవాలె. వట్టి బ్లాక్ మార్చినా నంబరు మారుతది, అది బ్లాక్ మీదనే ఉంటది. 8 ఏండ్లు దాటిన బండి కాబట్టి నీకు ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్‌సీ ఉంటది. నంబరు కలవకుంటే అక్కడ ఆగుతవు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు మొదలు చూసేది సుత అదే. ప్రోలైఫ్ అని టాటా వాళ్లదే ఒక పద్ధతి ఉన్నది, పాత ఇంజన్ ఇచ్చి బాగుచేసిన ఇంజన్ తీసుకునుడు. నీ మోడల్‌కు దొరుకుతదా అని డీలర్‌ను ఒక మాట అడుగు.

మీ బావ మాట పూర్తిగ కొట్టిపారేయను. ఇంజన్ ముట్టుకునేముందు బండి కిందికి దూరు. యూరియా, డీఏపీ సంచులు మోసిన బండికి తడి తగిలితే చాసిస్‌ను ఉప్పు తిన్నట్టు తింటది. స్క్రూడ్రైవర్‌తోని గట్టిగ పొడువు. పెచ్చులు రాలితే, లోపలికి దిగితే, ఆ బండి మీద 67 వేలు పెట్టుడు దండుగ, 80 వేలకు ఇచ్చెయ్. ఇంకోటి, ఇంకో మూడు నాలుగేండ్లల్ల నీ బండికి 15 ఏండ్లు నిండుతయ్. 2022 నుంచి 15 ఏండ్లు దాటినోటికి ఎఫ్‌సీ ఫీజులు బాగ పెంచిన్రు. అంటే ఈ పెట్టిన పైసలు ఆ మూడు నాలుగేండ్లల్ల రావాలె. కొత్త బండి కిస్తీ మాత్రం కాయ ఉన్న నెల, లేని నెల అని చూడదు. నీ తోట కాయ హైదరాబాద్ పక్కన బాటసింగారం పండ్ల మార్కెట్‌కు ఏడాదికి ఎన్ని ట్రిప్పులు పోతదో రాసుకో. తోట పనికి తప్ప బయటి కిరాయిలు కొట్టకుంటే కొత్త బండి నీకు బరువే.

బోరు చేయిస్తే ఒక్కటి యాదుంచుకో. మనోళ్లు కొబ్బరికాయ కొట్టి గంటసేపు స్లోల పెట్టి వదిలేస్తరు, ఇంజన్ కుదురుకుంటదని. అట్ల చేస్తే రింగులు కుదురుకోవు, బోరు మెరుపు తేలుతది. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతోని, గేర్లు మారుస్తూ తిప్పు. 500 కాడ ఒకసారి ఆయిల్ మార్చు, ఫిల్టర్‌తోని.

ఇప్పుడైతే ఎవరికి అడ్వాన్స్ ఇయ్యకు. పొద్దున పొగ ఎంతసేపు ఉన్నది, మూత ఎగిరిందా, రేడియేటర్‌ల బుడగలు వచ్చినయా, రెండు సిలిండర్ల కంప్రెషన్ ఎంతెంత, చాసిస్ ఎట్లున్నది, ఇవి ఇక్కడనే కింద రాయి. ఇంజన్ ఇప్పితే పిస్టన్ తల ఫోటో, బోరింగ్ షాపోడు సిలిండర్ పైన, నడుమ, కింద కొలిచిన నంబర్లు పెట్టు. అవి చూసినంక ఏ సైజు పిస్టన్ అడగాల్నో చెప్త.